సరోజిని కూతురు పద్మజ

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కి వెళ్లే దారిలో గోల్డెన్ త్రెషోల్డ్ ఉంది కదా, సరోజినీ నాయుడు గారి ఇల్లు. అటు వెళ్తే నాకు ఆవిడ కవిత్వం కన్నా తల్లీకూతుళ్ల పేర్లే ముందు గుర్తొస్తాయి. సరస్సులో పుట్టింది కనుక తామర సరోజం; తామరలు నిండిన కొలను సరోజిని. 1900లో పుట్టిన కూతురు పద్మజ. పద్మంలో పుట్టినది, అంటే లక్ష్మీదేవి. ఎంత చక్కగా కుదిరిందో! తల్లి 1947లో ఇప్పటి ఉత్తరప్రదేశ్‌కి, కూతురు 1956లో పశ్చిమ బెంగాల్‌కి గవర్నర్లయ్యారు.

మనిళ్లలో ఇంటిపేరు నాన్నది, పెట్టే పేరు నానమ్మది. అమ్మ పేరుకి చోటేదీ? పద్మజా నాయుడులో మాత్రం తండ్రి పేరు పక్కనే అమ్మ కూడా ఉంది.

మా కోడలికి నెలలు నిండాయి. ఆడపిల్లయితే కోడలి పేరులోంచే వెతుకుదామన్నాను. మావారింకా ఏమీ అనలేదు.