తుప్పు చెప్పే సాక్ష్యం

2014 నవంబరులో, అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, గ్రేట్ బేసిన్ జాతీయోద్యానంలో పరిశోధిస్తున్న పురాతత్త్వ బృందానికి జునిపర్ చెట్టుకు ఆనించి ఉన్న ఒక తుపాకీ కనిపించింది. దాని కర్ర ఎండకూ మంచుకూ బూడిదరంగుకు తిరిగి మానులో కలిసిపోయింది. ఇనుము తుప్పు పట్టింది. మడమ కొంత నేలలో కూరుకుపోయింది. "మోడల్ 1873" అన్న అక్షరాలూ, మసకబారిన క్రమసంఖ్యా మాత్రం మిగిలాయి. వాయోమింగ్ రాష్ట్రం కోడీ పట్టణంలోని తుపాకుల మ్యూజియంలో వించెస్టర్ కర్మాగారపు పాత చిట్టాలున్నాయి. వాటి ప్రకారం అది 1882లో తయారైంది. ఎవరి చేతికి వెళ్ళిందో ఆ చిట్టాలు చెప్పవు.

ఈ జాతి తుపాకీకి మూలపురుషుడు బెంజమిన్ టైలర్ హెన్రీ. 1860లో అతడు పేటెంటు పొందిన రైఫిల్‌లో ట్రిగ్గరు చుట్టూ ఉండే కమ్మీయే మీట. దాన్ని కిందికి తోసి పైకి లాగితే చాలు: కాలిన తొడుగు బయట పడుతుంది, గొట్టం కింది నాళిక నుంచి వచ్చిన కొత్త తూటా అరలోకి చేరుతుంది, సుత్తి వెనక్కి నిలుస్తుంది. ఆ సంస్థ యజమాని ఆలివర్ వించెస్టర్ అంతకు ముందు చొక్కాల వ్యాపారి. 1873లో 50 డాలర్లున్న కొత్త మోడల్ ధర 1882 నాటికి 25కు దిగింది. ఆ ఒక్క ఏడాదే 25,000కు పైగా తయారయ్యాయి. అంటే అది వీరుల ఆయుధం కాదు, సామాన్యుడి పనిముట్టు.

నేడు సేకర్తలు వీటి విలువ కట్టే తీరు మన పాఠపరిష్కర్తల పద్ధతిని తలపిస్తుంది. తాళపత్రాన్ని "సవరించిన" లేఖకుడు మూలాన్ని మరుగుపరచినట్టే, పాత తుపాకీకి మెరుగు పెట్టినవాడు దాని చరిత్రను చెరిపేస్తాడు. అందుకే అనుభవజ్ఞులు ముందుగా మరల గాడులు చెదిరాయా, ముద్రించిన అక్షరాల అంచులు అరిగాయా, కర్రా ఇనుమూ సమతలంగా కలుస్తున్నాయా అని చూస్తారు. ఆ తరువాత కర్మాగారపు చిట్టాతో పోల్చుకుంటారు. కొత్తగా నీలిపూత వేసిన దాని కంటే, వన్నె తగ్గినా చెయ్యి పడని దానికే వెల ఎక్కువ. ఎక్కువ గురి గల గొట్టాలను ఎంచి "వెయ్యిలో ఒకటి" అని చెక్కి అమ్మిన 1873 మోడల్ రైఫిళ్ళు 140 లోపే. వాటికి దొంగ ప్రతులు పుట్టడంలో వింత లేదు. "తుపాకీని కొను, కథను కొనకు" అన్నది సేకర్తల నానుడి.

గాయాలను చూసే వృత్తిలో ఉన్న నాకు ఆయుధం మీద మోహం లేదు. అయినా ఈ పట్టింపు కేవలం వెలకు సంబంధించినది కాదనిపిస్తుంది. "పశ్చిమాన్ని గెలిచిన తుపాకీ" అని వించెస్టర్ సంస్థ ప్రచారం చేసుకుంది. కానీ 1876 జూన్ 25న మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర ఆ రైఫిళ్ళు ఉన్నది లకోటా, షయెన్ యోధుల చేతుల్లో. కస్టర్ సైనికుల స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకులు ఒక్కొక్క తూటా పెట్టి పేల్చేవి. యుద్ధం గురించి ఆదివాసులు చెప్పిన మాటలను చరిత్రకారులు చాలాకాలం పక్కన పెట్టారు. 1983లో కార్చిచ్చు గడ్డిని కాల్చివేశాక పురాతత్త్వవేత్తలు ఆ నేలను గాలించారు. దొరికిన తొడుగుల మీది సుత్తిపోటు గుర్తులను సూక్ష్మదర్శినిలో పోల్చి, ఏ తుపాకీ ఎక్కడినుంచి ఎక్కడికి కదిలిందో పటం గీశారు. ఆదివాసుల మాటల్లో చాలావాటికి ఆ ఇత్తడి ముక్కలు సాక్ష్యమిచ్చాయి. వాటిని ఎవరైనా ఏరుకుని తోమి అలమరలో పెట్టుకుని ఉంటే ఆ సాక్ష్యం మనకు దక్కేది కాదు.

నెవాడా తుపాకీని కోడీలో ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీశారు. పేలే అర ఖాళీగా ఉంది. మడమలో, తుడిచే కడ్డీలు దాచుకునే గూటిలో ఒక తూటా కనబడింది. నిపుణులు రాలిపోతున్న కర్రను నిలబెట్టారు, ఇంకా చెడకుండా కాపాడారు. తుప్పును మాత్రం అలాగే ఉంచారు. ఏ రోగికైనా చేయదగిన దానికీ చేయకూడని దానికీ మధ్య గీత ఒకటుంటుంది. ఆ గీత ఎక్కడుందో వారికి తెలుసు.