గుర్రాల మేత వృథాకు గడ్డి వలతో అడ్డుకట్ట

గుర్రం ముందు నేలపై పరచిన ఎండుగడ్డిలో కొంత దాని కడుపులోకి, కొంత దాని కాళ్ల కిందికి పోతుంది. తొక్కిన గడ్డిని, మూత్రంతో తడిసిన గడ్డిని, లద్దె అంటిన గడ్డిని గుర్రం ముట్టదు. మరునాడు ఊడ్చి పారవేయవలసిందే. పెళ్లి ఊరేగింపుల కోసం గుర్రాలను పోషించేవారు, విశాఖ సాగర తీరంలో పర్యాటకులకు సవారీ చేయించేవారు, పాడేరు ఏజెన్సీలో సరకుల రవాణాకు గుర్రాలపై ఆధారపడే గిరిజనులు ఈ నష్టాన్ని ఎరిగినవారే. చిన్న కన్నుల వలలో గడ్డిని నింపి వేలాడదీయడం దీనికి చవకైన మార్గం.

నూర్పిడి వేళ ఎద్దు మూతికి కట్టే చిక్కం మన రైతులకు సుపరిచితమే. అది పశువును తిననీయకుండా ఆపుతుంది. గడ్డి వల ఆపదు. ఒక్కసారిగా పెద్ద పట్టు లాగనీయక, కన్ను గుండా నాలుగు పరకలను మాత్రమే అందనిస్తుంది.

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం 2012లో వెలువరించిన పరిశోధనలో, యంత్రంతో చుట్టిన పెద్ద గడ్డి మోపులను ఏ అడ్డూ లేకుండా ఆరుబయట గుర్రాల ముందుంచగా 57 శాతం మేత వృథా అయింది. వల తొడిగిన మోపులో వృథా 6 శాతానికి పరిమితమైంది. మన శాలల్లో పూటకు కొంత చొప్పున వేసే గడ్డికి అంతటి నష్టం ఉండకపోవచ్చు. అయినా రోజుకు కిలో గడ్డి పాడైనా నెలకు 30 కిలోలు పోయినట్లే.

ఆదా కంటె ముఖ్యమైన విషయం గుర్రం ఆరోగ్యం. దాని జీర్ణాశయం శరీర పరిమాణంతో పోల్చితే చిన్నది. అందులో ఆమ్లం రాత్రింబవళ్లు ఊరుతూనే ఉంటుంది. ఆ ఆమ్లాన్ని విరిచే లాలాజలం మాత్రం నమిలినప్పుడే స్రవిస్తుంది. అందువల్ల సాయంత్రం వేసిన గడ్డిని త్వరగా ముగించి తెల్లవార్లూ ఖాళీ కడుపుతో నిలిచే గుర్రానికి జీర్ణాశయంలో పుండ్లు పడే ముప్పు ఎక్కువ. అదే విశ్వవిద్యాలయం 2014లో ప్రచురించిన మరొక పరీక్షలో నేలపై వేసిన గడ్డిని గుర్రాలు గంటకు సుమారు 1.5 కిలోల చొప్పున తినగా, 3.2 సెంటీమీటర్ల కన్నుల వల నుంచి 0.9 కిలో మాత్రమే తినగలిగాయి. ఆ లెక్కన 4 గంటల్లో ముగిసే 6 కిలోల మేత 6 గంటలకు పైగా నిలుస్తుంది. ఇసుక నేలపై గడ్డి వేసేవారికి మరొక మేలు ఉంది. మేతతో పాటు మింగిన ఇసుక పేగుల్లో పేరుకొని శూలకు దారితీస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేని జంతువు కనుక శూల ప్రాణాంతకం కావచ్చు.

కట్టడంలోనే ప్రమాదం

నిండుగా ఉన్నప్పుడు సరైన ఎత్తులో కనిపించే వల, ఖాళీ అయ్యేసరికి కిందికి సాగి వేలాడుతుంది. అందులో డెక్క చిక్కుకుంటే గుర్రం బెదిరి కాలు విరుచుకోగలదు. లాడం వేసిన గుర్రానికి ఈ ప్రమాదం అధికం. వల తాడును గోడ కొక్కెం గుండా దూర్చి, కిందికి తెచ్చి, వల అడుగున ఉన్న కన్నులోంచి తిరిగి పైకి లాగి, ఒక్క గుంజుకు ఊడే ముడి వేయాలి. అప్పుడు అడుగు భాగం పైకి మడచుకొని ఉంటుంది. వల అడుగు గుర్రం రొమ్ము ఎత్తుకు దిగకూడదు. అలాగని తల ఎత్తి తినవలసినంత పైన కట్టితే దుమ్ము, నూగు కళ్లలోనూ ముక్కులోనూ పడతాయి. గుర్రపు పిల్లలున్న చోట వల వాడకపోవడమే క్షేమం.

తీర ప్రాంతాల్లో పాత చేపల వలలు సులభంగా దొరుకుతాయి. సన్నని నైలాన్ దారపు వలలను మాత్రం ఇందుకు వాడరాదు. అవి చిగుళ్లను కోస్తాయి, తెగిన పోగులు కడుపులోకి పోతాయి. మందమైన మెత్తని తాడుతో అల్లి, 3 నుంచి 4.5 సెంటీమీటర్ల కన్నులున్న వల అనుకూలం. పొడవాటి గడ్డికే ఇది పనికివస్తుంది. ముక్కలుగా నరికిన చొప్ప కన్నుల్లోంచి రాలిపోతుంది. బూజు పట్టిన గడ్డిని వలలో వేసినా అది బూజు గడ్డే.

అలవాటు లేని గుర్రం మొదట విసుగుతో వలను కొరికి లాగుతుంది. తొలి వారం సగం గడ్డి విడిగా, సగం వలలో పెట్టి క్రమంగా మార్చాలి. పళ్లు అరిగిన ముసలి గుర్రాలకు చిన్న కన్నుల వల శిక్షే అవుతుంది. వాటికి పెద్ద కన్నుల వల వాడడమో, తొట్టిలో విడిగా వేయడమో మేలు. గుర్రానికి రోజుకు శరీర బరువులో 1.5 నుంచి 2 శాతం ఎండు మేత అవసరం. అంటే 300 కిలోల గుర్రానికి 4.5 నుంచి 6 కిలోలు. వలలో నింపే ముందు తూచడం, ఉదయం మిగిలినది చూడడం అలవాటు చేసుకోవాలి. రోజూ గడ్డి మిగులుతూ పక్కటెముకలు తేలుతుంటే కన్నులు మరీ చిన్నవని గ్రహించి, పళ్లను పశువైద్యునికి చూపించాలి.