‘అలవాటుపడింది’ అన్న మాట

సాహిత్యంలో పరిశోధన చేసిన నాకు వైద్యం తెలీదు. మాటల్ని అనుమానించడం మాత్రం తెలుసు. ఒక మాట నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది.

1972లో మహారాష్ట్రలోని దేశాయిగంజ్ పోలీస్‌స్టేషన్‌లో మధుర అనే ఆదివాసీ బాలికపై అత్యాచారం జరిగింది. డాక్టరు రిపోర్టులో రెండు వేళ్ళ కొలత రాశారు. సెషన్స్ కోర్టు ఆమె ‘సంభోగానికి అలవాటుపడింది’ అని పోలీసులను వదిలేసింది. హైకోర్టు శిక్ష వేసినా, 1978లో సుప్రీంకోర్టు కొట్టేసింది. గాయాన్ని చూడాల్సిన చెయ్యి శీలాన్ని కొలిచింది.

ఆ చేతికి వేరే పని నేర్పే ప్రయత్నం 2000 దశకం మొదట్లో ముంబయిలో మొదలైంది. బాంద్రాలోని భాభా మునిసిపల్ ఆసుపత్రిలో సెహత్ సంస్థ, నగరపాలక సంస్థ కలిసి ‘దిలాసా’ కేంద్రం పెట్టాయి. కాలిన ఒంటి వెనక, తాగిన విషం వెనక ఇంట్లో హింస ఉందేమో గమనించడం, ఆమెని నొప్పించకుండా అడగడం నర్సులకూ డాక్టర్లకూ నేర్పాయి.

రెండు వేళ్ళ పరీక్ష స్త్రీల గౌరవానికి భంగమని 2013లో సుప్రీంకోర్టు అంది. 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ వద్దంది. అయినా 2022లో కోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. సిబ్బందికి వర్క్‌షాపులు పెట్టమంది, వైద్యవిద్య పాఠాలు తిరగదోడమంది.

పుస్తకంలో చదివి, సీనియర్లని చూసి నేర్చుకున్న చెయ్యి తీర్పుతో మారదు కదా. ‘అలవాటుపడింది’ అన్న మాట నిజానికి మన వైద్యవిద్యకే వర్తిస్తుంది.