కుమారి ఆంటీ ప్రచారం మాదాపూర్‌లో కాదు, గుడివాడలో ఎందుకు?

ఈ ఎపిసోడ్ హైటెక్ సిటీ చరిత్రే. కానీ 1998లో వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ వైపు నుంచి కాదు, రోడ్డు పక్కన భోజనం బండి వైపు నుంచి చూద్దాం.

రెండు లివర్లు ఎక్స్‌ట్రా, మొత్తం థౌజండ్. ఆ రీల్ చూడనివాళ్లు మీలో ఉండరు. నేనూ చూసి నవ్వాను, ఇంకో నలుగురికి ఫార్వర్డ్ చేశాను. అలా మనలాంటివాళ్ల పుణ్యమా అని ఆ బండి చుట్టూ జనం, బైకులు, యూట్యూబ్ మైకులు. ట్రాఫిక్ ఆగిపోయింది. 2024 జనవరి 30న పోలీసులు బండి అక్కడ పెట్టొద్దన్నారు. నిజం చెప్పాలంటే ట్రాఫిక్ ఇబ్బంది కూడా అబద్ధం కాదు.

మర్నాడే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నుంచి మాట వచ్చింది: ఆంటీ బండి అక్కడే ఉండొచ్చు. ఆయన ప్రమాణం చేసి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు.

ఇక్కడ కొంచెం ఆగుదాం. వీధి వ్యాపారుల కోసం 2014లోనే పార్లమెంటు ఒక చట్టం చేసింది. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్లని అక్కడి నుంచి లేపకూడదు. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో చూడటానికి టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులే, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. ఇంత చట్టం ఉండగా ఒక బండి సంగతి సీఎం దాకా ఎందుకు వెళ్లాల్సి వచ్చింది? నాకు తోచిన జవాబు ఓట్ల లెక్కలో ఉంది.

ఈ ఐటీ ఏరియాలో పెద్ద భాగం శేరిలింగంపల్లి నియోజకవర్గంలోకి వస్తుంది. 2009 ఎన్నికలతోనే అది పుట్టింది. 2023 నవంబర్ 30 నాటికి అక్కడ ఓటర్లు ఏడు లక్షలు దాటారు, తెలంగాణలో అంత పెద్దది ఇంకోటి లేదు. ఓటేసింది మాత్రం సగం మంది కూడా కాదు. అరెకపూడి గాంధీ 2014లో టీడీపీ నుంచి, 2018లో టీఆర్ఎస్ నుంచి, 2023లో బీఆర్ఎస్ నుంచి గెలిచారు.

మామూలు ఊళ్లో టీ కొట్టు ఓనర్ "ఈసారి ఫలానా ఆయనకి వేద్దాం రా" అంటే దానికో బరువు ఉంటుంది. ఎందుకంటే టీ తాగేవాళ్ల ఓట్లూ ఆ ఊళ్లోనే. మాదాపూర్‌లో బండి దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడినవాళ్ల సంగతి వేరు. హాస్టల్ గచ్చిబౌలిలో, ఓటు ఒంగోలులోనో కరీంనగర్‌లోనో. వందల మందికి అన్నం పెట్టే మనిషికి ఆ వీధిలో పేరుంటుంది గానీ ఓట్లు ఉండవు. లోకల్ నాయకుడు పట్టించుకోవడానికి ఏముంది చెప్పండి?

ఆ పేరుకి విలువ ఇంకోచోట దొరికింది. ఆంటీది కృష్ణా జిల్లా గుడివాడ. సొంతూళ్లో జగన్ ప్రభుత్వం ఇచ్చిన ఇంటి గురించి ఆమె చెప్పిన వీడియోని వైసీపీ వాళ్లు తెగ తిప్పారు. తీరా మే నెలలో అసెంబ్లీ ఎన్నికలు వచ్చేసరికి, ఆమె గుడివాడలో టీడీపీ అభ్యర్థి వెనిగండ్ల రాము తరఫున ప్రచారానికి వెళ్లారు. ఆయన అమెరికా నుంచి వచ్చిన ఎన్నారై. ఎదురుగా ఉన్నది 2004 నుంచి వరసగా నాలుగుసార్లు గెలిచిన కొడాలి నాని. రాము 50 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు.

అది ఆంటీ వల్లే అని నేననను. ఆ గాలిలో వైసీపీకి మొత్తం 175లో మిగిలినవి 11 సీట్లే. కానీ పార్టీలు ఆమెని ఎందుకు కోరుకున్నాయో చూడండి. మాదాపూర్‌లో తయారైన గుర్తింపు, మూడు వందల కిలోమీటర్ల అవతల పనికొచ్చింది. అదే సెప్టెంబర్‌లో వరదలొస్తే ఆమె సీఎం సహాయ నిధికి 50 వేలు ఇచ్చారు, ఈసారి తెలంగాణకి. రెండు రాష్ట్రాల మధ్య బతికే మనిషి మరి.

అయితే వైరల్ కాని బండ్ల మాటేంటి? వాళ్లకి సీఎం నుంచి ఫోన్ రాదు, ఏ అభ్యర్థీ ప్రచారానికి పిలవడు. వాళ్లకున్నది ఆ 2014 చట్టమే. రేపు లంచ్‌కి మీరు వెళ్లే బండి దగ్గర, వెండర్ గుర్తింపు కార్డు ఇచ్చారా అని ఒకసారి అడగండి. ఏం చెప్పారో నాకు రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను.