జీవకణంలో సరుకు దారి

పిల్లవాడికి టీకా వేయించి ఇంటికి తెచ్చాక, ఏడుపు మాన్పించడంతో మన పని అయిపోయిందనుకుంటాం. వాడి ఒంట్లో అసలు పని అప్పుడే మొదలవుతుంది. రోగాన్ని ఎదిరించే ప్రతిరక్షకాలు ఎక్కడ తయారవుతాయి? ఏ దారిన రక్తంలోకి వస్తాయి? బి.ఏ. చదువుకున్న నాకు ఈ కథ నవల కంటే రుచిగా తోచింది.

మొదటి ప్రశ్నకు గట్టి జవాబు చెప్పింది ఒక స్త్రీ. స్వీడన్‌కు చెందిన ఆస్ట్రిడ్ ఫాగ్రేయస్ గారు కుందేళ్ళ ప్లీహాన్ని పరీక్షించి, ప్రతిరక్షకాలను తయారుచేసేవి ప్లాస్మా కణాలేనని 1948లో చూపించారు.

దారి మాత్రం మామూలు సూక్ష్మదర్శినికి అందలేదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూస్తే ఆ కణం నిండా చీరల దొంతరలాగా పొరలు పొరలుగా సంచులు, వాటిమీద ఆవాలు చల్లినట్టు రేణువులు! ఆ రేణువులే మాంసకృత్తులు తయారుచేసే రైబోజోములు. 1955లో జార్జి పలాడే వాటిని వర్ణించారు. 1963లో పెర్నిస్ బృందం ఆ సంచుల్లోనే ప్రతిరక్షకాలను చూసింది.

చూస్తే చాలదు సుమండీ! ఆ యంత్రం కింద కదలని కణమే కనబడుతుంది. మా ఆలూరు వైపు చేను, లారీ, పట్నంలో బజారు, ఈ మూడింటి ఫోటోలు చూపిస్తే కూరగాయలు ఎటునుంచి ఎటు పోయాయో కొత్తవాళ్ళు చెప్పగలరా? చేనులోనే ఒక గంపకు ఎర్రగుడ్డ కట్టి, అది ఏ వేళకు ఎక్కడుందో చూడాలి.

1967లో పలాడే, జేమీసన్ అలాగే చేశారు. గినీ పంది క్లోమం ముక్కలకు మూడే మూడు నిమిషాలు రేడియోధార్మిక గుర్తున్న అమైనో ఆమ్లం అందించి, ఆ తర్వాత గుర్తులేనిది ఇచ్చారు. గుర్తు ముందు పొరల సంచుల్లో కనబడింది. ఇంకో ఏడు నిమిషాలకు గాల్జీ అనే భాగం అంచుకు చేరింది. 37 నిమిషాలకు అక్కడి పెద్ద తిత్తుల్లో, దాదాపు రెండు గంటలకు బయటికి పోవడానికి సిద్ధమైన గుళికల్లో తేలింది. ప్లాస్మా కణానిదీ గాల్జీ మీదుగా పోయే దారే. కాకపోతే క్లోమకణంలాగా సరుకు నిలవచేయదు. సెకనుకు సుమారు 2,000 ప్రతిరక్షకాలను పంపుతూనే ఉంటుంది.

శక్తి అందకపోతే, తయారైన సరుకు కూడా పొరల సంచి దాటదని 1968లో వారే తేల్చారు. ఆ శక్తినిచ్చే ఏ.టి.పి.ని 1929లో ఫిస్కేతో కలిసి వేరుచేసి చూపింది ఎవరనుకున్నారు? భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు! 1974లో క్లాడ్, డి డ్యూవ్‌లతో పాటు పలాడేకు నోబెల్ బహుమతి వచ్చింది. సుబ్బారావుగారు 1948లోనే, ఫాగ్రేయస్ పరిశోధన వెలువడిన ఏడాదే, కన్నుమూశారు. పిల్లవాడి ఒంట్లో కదిలే ఆ సరుకుకు దారిఖర్చు ఏమిటో మాత్రం ఆయన ముందే చెప్పి వెళ్ళారు.