బొమ్మ పడకముందే పిలుపు

నా ఉద్యోగం ఏమిటని అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. వీడియోలు తియ్యను, ఎడిటింగు రాదు. వీడియో వచ్చిందని జనానికి ఈమెయిలు ఉత్తరాలు రాస్తాను. రాజమండ్రిలో వీణ నేర్పే టీచరుగారొకరు యూట్యూబులో పాఠాలు పెడుతుంటారు. ఆవిడ పాఠం ఎక్కించిన రోజు సాయంత్రానికి నా ఉత్తరం వెళ్లాలి. అందుకునేవాళ్లలో సగం మంది డాలస్, న్యూజెర్సీల్లో ఉంటారు, వాళ్లకి అప్పుడే తెల్లవారుతుంటుంది.

ఈ పని కంప్యూటరు నేర్పింది కాదు నాకు. విజయవాడలో ఒక వారపత్రిక చందాల సెక్షన్‌లో చేరినప్పుడు నేర్చుకున్నాను. అక్కడ మా హెడ్ గుమాస్తాగారికి కథలెవరు రాశారో, ముఖచిత్రం ఎవరిదో పట్టేది కాదు. ఆయన దృష్టంతా చందాదారుల రిజిస్టరు మీదే. ఒక్కో పేరుకి ఒక నంబరు, పక్కన చందా ముగిసే నెల. సంచికకు చుట్టే కాగితం మీద మైదా జిగురుతో చిరునామా చీటీ అంటించేవాళ్లం. చందా అయిపోవచ్చినవాళ్ల చీటీ మీద ఎర్ర సిరాతో ఒక గీత. "పత్రిక మూతపడితే మళ్లీ పెట్టుకోవచ్చురా అబ్బాయ్, రిజిస్టరు పోతే ఎవరికి పెడతావు?" అనేవాడాయన. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికను మొదలుపెట్టింది బొంబాయిలో. అక్కడ అచ్చయిన తెలుగు వారపత్రిక తెలుగు పాఠకుడి గుమ్మం చేరాలంటే తపాలా తప్ప వేరే దారేముంది? చిరునామాల పట్టికను నమ్ముకుని బతకడం మనవాళ్లకి కొత్త విద్యేమీ కాదు.

ఈమెయిలులో ఆ విద్య అమెరికాలో మొదలైంది, మొదలే తిట్లతో మొదలైంది. 1978 మే నెల. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీలో గ్యారీ థర్క్ మార్కెటింగు చూసేవాడు. కొత్త యంత్రాలను లాస్ ఏంజెలెస్‌లోనూ శాన్ మటేయోలోనూ ప్రదర్శనకు పెడుతున్నాం, వచ్చి చూడండి అని ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్‌లోని దాదాపు 400 మందికి ఒకే ఉత్తరం పంపాడు. ఆ నెట్‌వర్కు వాడేవాళ్ల పేర్లతో ఒక డైరెక్టరీ అచ్చయి ఉండేది. అందులోంచి చిరునామాలు ఏరి టైపు చేయించాడు. అన్ని చిరునామాలు పైన ఇచ్చిన చోట పట్టలేదు, మిగిలినవి ఉత్తరం లోపలికి పొర్లిపోయాయి. అందుకున్నవాళ్లు విషయం కన్నా ముందు పేర్ల జాబితా చదువుకోవలసి వచ్చింది. నెట్‌వర్కు పెద్దలు కోప్పడ్డారు. థర్క్ మాత్రం దానివల్ల అమ్మకాలు బాగా జరిగాయని తర్వాత చెప్పుకున్నాడు. ప్రపంచంలో మొదటి స్పామ్ అని ఇప్పుడందరూ దాన్నే చూపిస్తారు. నాకు కనిపించేది వేరు. అది వచ్చి చూడమనే పిలుపు. తప్పల్లా, పిలవమని అడగనివాళ్లను పిలవడం.

అప్పటికి ఈమెయిలులో అక్షరాలే వెళ్లేవి. బొమ్మ, పాట వెళ్లే దారి 1992లో పడింది. నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ కలిసి మైమ్ అనే పద్ధతి తయారుచేశారు. దాన్ని చూపించడానికి ఆ మార్చిలో బోరెన్‌స్టైన్ పంపిన ఉత్తరంలో నలుగురు గాయకుల బృందం ఫొటో, వాళ్లు పాడిన పాట జతచేసి ఉన్నాయి. ఆ నలుగురిలో ఆయనా ఒకడు.

ఫైలును ఉత్తరానికి జతచెయ్యడానికి ఒక చిక్కు లెక్క ఉంది. ఈమెయిలు అక్షరాల కోసం పుట్టింది కాబట్టి బొమ్మనూ అక్షరాలుగా మార్చి పంపాలి. మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి. అంటే 3 ఎంబీల వీడియో దారిలో 4 ఎంబీలవుతుంది. 1996లో సబీర్ భాటియా, జాక్ స్మిత్ హాట్‌మెయిల్ తెచ్చినప్పుడు పెట్టె మొత్తం 2 ఎంబీలు. మన దేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ ఇచ్చాక వచ్చినవన్నీ టెలిఫోను తీగ మీద నడిచిన మోడెములే. 56 కె మోడెము మీద 5 ఎంబీల ఫైలు దిగడానికి పావుగంట పట్టేది, అదీ మధ్యలో లైను తెగకపోతే. నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి కూర్చున్నవాడికి ఎవరో పంపిన వీడియో తెరుచుకుంటుంటే ఆనందం కన్నా మీటరు భయమే ఎక్కువ.

అయినా జనం పంపుకున్నారు. 1996లో డాన్స్ చేసే పసిపాప యానిమేషన్, ఆ మరుసటి ఏడు ఆఫీసులో కీబోర్డుతో కంప్యూటర్‌ను చితక్కొట్టే ఉద్యోగి, ఇవన్నీ మెయిలు నుంచి మెయిలుకు ఊళ్లు తిరిగాయి. అవి ఎవరు తీశారో చూసినవాళ్లలో చాలామందికి తెలియదు. ఎంతమంది చూశారో తీసినవాళ్లకీ తెలియదు. బొమ్మ ఆడింది, జనం చూశారు, కానీ టికెట్టు పుస్తకం ఎవరి దగ్గరా లేదు. రెండో బొమ్మ తీస్తే వీళ్లను మళ్లీ పిలవడమెలా?

2001లో న్యూయార్కులో జే ఫ్రాంక్ తన పుట్టినరోజు పార్టీకి 17 మంది స్నేహితులకు ఈమెయిలులో పిలుపు పంపాడు. డాన్స్ చెయ్యడమెలాగో నేర్పుతున్నట్టు తానే రకరకాల భంగిమలు పెట్టిన చిన్న చిన్న కదిలే బొమ్మల పేజీ అది. వాళ్లు వాళ్ల స్నేహితులకు పంపారు. కొద్ది రోజుల్లోనే లక్షల మంది అతని సైటు మీద పడ్డారు. ఇక్కడ తేడా గమనించండి. ఫైలు చేతులు మారలేదు, దారి చూపే లింకు మారింది. వచ్చినవాడు తీసినవాడి ఇంటికే వచ్చాడు. 2006 మార్చి నుంచి ఏడాదిపాటు ఫ్రాంక్ పనిరోజుల్లో రోజుకో వీడియో షో నడపగలిగాడంటే, జనం అతని గుమ్మం తొక్కడం అప్పుడే మొదలైంది మరి.

దీన్ని వ్యాపారంగా పట్టుకున్నవాళ్లు జిబ్‌జాబ్ అన్నదమ్ములు, గ్రెగ్, ఇవాన్ స్పిరిడెలిస్. 1999లో బ్రూక్లిన్‌లో కంపెనీ పెట్టారు. కార్టూన్ నచ్చినవాళ్ల ఈమెయిలు చిరునామాలు పోగుచేసుకుంటూ వచ్చారు. 2004 జులైలో, అమెరికా అధ్యక్ష ఎన్నికల వేడిలో, బుష్ చేత, కెర్రీ చేత ఒకరినొకరు వెక్కిరించుకుంటూ పాడించిన కార్టూన్ తయారుచేసి, ముందుగా తమ జాబితాలోనివాళ్లకి పంపారు. అక్కడి నుంచి అది కోట్ల మందికి చేరింది, టీవీ వాళ్లు పిలిచారు. అప్పటికి యూట్యూబు లేదు. తర్వాత ఈ కంపెనీ మన ముఖం అతికించి పంపుకునే వీడియో గ్రీటింగు కార్డుల్లోకి దిగింది. ఉత్తరం మీద పెరిగినవాళ్లు ఉత్తరాన్ని వదల్లేదు.

యూట్యూబు 2005లో వచ్చింది. ఏప్రిల్ 23న దాని స్థాపకుల్లో ఒకడైన జావెద్ కరీమ్ జూలో ఏనుగుల ముందు నిలబడి మాట్లాడిన 19 సెకన్ల వీడియోతో మొదలై, మరుసటి ఏడు 165 కోట్ల డాలర్లకు గూగుల్ చేతికి వెళ్లింది. వీడియో దాచుకునే చోటు ఉచితం కావడంతో జతచేసే బాధ తీరింది. ఇక ఉత్తరంలోనే వీడియో ఆడించొచ్చని ఆశపడ్డవాళ్లకు మైక్రోసాఫ్ట్ మెయిలు ప్రోగ్రాము ఔట్‌లుక్ 2007 నీళ్లు చల్లింది. అందులో మెయిలు చూపించే పని వర్డ్‌కు అప్పగించారు. వీడియో సరే, కదిలే జిఫ్ బొమ్మ కూడా మొదటి ఫ్రేము దగ్గరే ఆగిపోయేది. జీమెయిల్ కూడా ఉత్తరంలో వీడియోను ఆడనివ్వదు. అందుకే మేమంతా ఒక చిన్న మోసం చేస్తాం. వీడియోలోంచి ఒక మంచి ఫ్రేము తీసి, దాని నడుమ తెల్ల త్రికోణం వేసి పెడతాం. వీడియో అనుకుని నొక్కితే యూట్యూబు తెరుచుకుంటుంది. సినిమా హాలు బయట స్టిల్సు పెట్టేది లోపలికి రప్పించడానికేగా.

టీచరుగారు నన్ను మొదట్లో అడిగింది ఇదే: "బాబాయిగారూ, సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లకి గంట కొడుతుంది కదండీ, మళ్లీ ఈ ఉత్తరం ఎందుకు?"

"గంట కొట్టేది మీరు కాదమ్మా, యూట్యూబు. వాళ్ల చిరునామాలు మీకివ్వదు. సంఖ్య మాత్రం చూపిస్తుంది" అన్నాను.

దాంతో ప్రతి పాఠం కింద ఒక మాట చేర్చాం: ఈ పాఠం స్వరాల కాగితం కావాలంటే ఈమెయిలు ఇవ్వండి, పీడీఎఫ్ పంపుతాం. సరళీస్వరాలకి, జంటలకి, అలంకారాలకి ఒక్కో కాగితం. వీణ ముందు కూర్చున్నవాడికి చేతులు ఖాళీ ఉండవు, ఫోను ఆపి ఆపి చూడలేడు, కాగితం కావాలి. అడిగి తీసుకున్నవాడు కాబట్టి మా ఉత్తరం వచ్చినప్పుడు విసుక్కోడు. ఉత్తరానికి మకుటం నేనే రాస్తాను. "కొత్త వీడియో వచ్చింది" అని ఎప్పుడూ పెట్టను. "మలహరిలో రెండో గీతం. జంటస్వరాలు తడబడుతున్నవాళ్లు ముందు 14వ పాఠం చూడండి" అని పెడతాను. అలా పెట్టిన వారం కొత్త పాఠంతో పాటు ఆ పాత 14 కూడా లేచి కూర్చుంటుంది. ఉత్తరం లోపల టీచరుగారి మాట నాలుగు వరుసలు, త్రికోణం బొమ్మ ఒకటి, అడుగున "ఇక వద్దు" అనే లింకు. ఆ లింకును దాచిపెట్టకూడదు. అమెరికాలో 2003 నాటి క్యాన్‌స్పామ్ చట్టం అది ఉండాలంటుంది. చట్టం లేకపోయినా, వద్దన్నవాడిని రిజిస్టరులో ఉంచుకుని ఏం చేస్తాం?

గంటను నమ్ముకుంటే ఏమవుతుందో 2020వ సంవత్సరం చెప్పింది. ఆ జూన్ 29న మన ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది, అందులో టిక్‌టాక్ ఒకటి. తెలుగు పల్లెల్లో పొలం గట్ల మీద, వంటింట్లో ఫోను నిలబెట్టి ఆడిపాడినవాళ్లకి లక్షల్లో అభిమానులుండేవాళ్లు. ఆ అభిమానులంతా రాత్రికి రాత్రి మాయం. వీడియోలు ఫోనులో మిగిలాయి, చూసేవాళ్లు ఎక్కడున్నారో తెలియదు. యూట్యూబుకి వెళ్లినవాళ్లు సున్నా నుంచి మొదలుపెట్టారు. ఆ ఆగస్టులో యూట్యూబు కూడా, కొత్త వీడియో వచ్చినప్పుడు సబ్‌స్క్రైబర్లకు పంపే ఈమెయిళ్లు ఆపేసింది. తెరిచేవాళ్లు వెయ్యికి ఒకరు కూడా లేరన్నది వాళ్లు చెప్పిన కారణం. ఆ లెక్క నేను నమ్ముతాను. యంత్రం పంపిన ఉత్తరంలో ఛానలు పేరు, వీడియో పేరు తప్ప మనిషి మాట ఒక్కటి ఉండదు, ఎవరు తెరుస్తారు?

మా పనిలోనూ కష్టాలున్నాయి. 2013లో జీమెయిల్ ఉత్తరాలను అరలుగా విడగొట్టి, మాబోటివాటిని ప్రమోషన్ల అరలోకి నెట్టింది. 2021లో ఆపిల్ తెచ్చిన గోప్యత ఏర్పాటుతో ఎంతమంది ఉత్తరం తెరిచారన్న లెక్క నమ్మడానికి వీల్లేకుండా పోయింది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్ద ఎత్తున పంపేవాళ్లకు నిబంధనలు బిగించాయి. స్పామ్ అని ఫిర్యాదు చేసేవాళ్లు వెయ్యికి ముగ్గురికి చేరకూడదు. థర్క్ ఇవాళ పంపి ఉంటే ఆ ఉత్తరం గుమ్మం దాటేది కాదేమో.

కొత్తగా ఛానలు పెట్టే పిల్లలు కెమెరా ఏది కొనమంటారని నన్నడుగుతారు. కెమెరా సంగతి నాకు తెలియదు. మొదటి వీడియో పెట్టేలోగా చిరునామాలు రాసుకునే చోటొకటి సిద్ధం చేసుకోండంటాను, పదిమందితో మొదలైనా సరే. ఆ జాబితాను నెలకోసారి మీ సొంత కంప్యూటర్లోకి దించి పెట్టుకోండంటాను. రేపు యూట్యూబు ఎలా ఉంటుందో మన చేతుల్లో లేదు. టీచరుగారి పాఠాలు ఇంకెక్కడికి మారినా, ఆ సాయంత్రమే కొత్త చోటు చెప్పి అందరినీ పిలవగలను.