వియన్నాలోని స్ట్రౌస్ స్మారకశిల్పము

వియన్నా నగరమున ‘స్టాట్‌పార్క్’ అను ఉద్యానము కలదు. అందు షూబర్ట్, బ్రూక్నర్ మున్నగు సంగీతకర్తల స్మారకశిల్పము లున్నను, చూపరుల దృష్టిని ముందుగా ఆకర్షించునది రెండవ యోహాన్ స్ట్రౌస్ ప్రతిమ. చలువరాతి తోరణము నడుమ వయొలిన్ వాయించుచు నిలిచిన, బంగరు పూత గల ఈ కంచువిగ్రహమును ఎడ్మండ్ హెల్మర్ అను శిల్పి నిర్మించెను. ఇది 1921వ సంవత్సరము జూన్ 26వ తేదీన ఆవిష్కరింపబడినది.

ఈ తేదీయే విచారణీయము. స్ట్రౌస్ 1825లో జన్మించి 1899లో మరణించెను. అతని వాల్ట్జ్ నృత్యసంగీతము హాబ్స్‌బర్గ్ సామ్రాజ్యకాలపు వియన్నాకు ప్రతీక. విగ్రహము వెలయునాటికి ఆ సామ్రాజ్యము లేదు, 1918లోనే అంతరించినది. చిన్న గణతంత్రరాజ్యమునకు రాజధానియై, యుద్ధానంతర దారిద్ర్యము ననుభవించుచున్న నగరము తన గతవైభవమును ఇట్లు బంగరువన్నెతో నిలుపుకొన్నది. కావున ఈ శిల్పము స్ట్రౌస్ కాలమునకంటె 1921 నాటి పౌరుల మనస్సునకే దగ్గరి సాక్ష్యము. ఆ పూత 1935లో తొలగింపబడి, 1991లో మరల వేయబడినది.

స్ట్రౌస్ స్మృతికి సంబంధించి ఇంతకంటె ఘోరమైన మార్పు వేఱొకచోట జరిగినది. అతని ముత్తాత యూదమతమును వీడి క్రైస్తవమును స్వీకరించినవాడని సెయింట్ స్టీఫెన్స్ దేవాలయమందలి 1762 నాటి వివాహపు పద్దు తెలుపుచుండెను. 1938లో ఆస్ట్రియాను ఆక్రమించిన నాజీలకు స్ట్రౌస్ సంగీతము కావలసియుండెను. అతని వంశకథ మాత్రము అక్కరలేకపోయెను. 1941లో వారు ఆ పుస్తకమును బెర్లిన్‌కు తరలించి, ఆ పద్దు లేని నకలును సిద్ధపఱచి వియన్నాకు పంపిరి. యుద్ధము ముగిసిన పిదపగాని మూలగ్రంథము స్వస్థానమునకు చేరలేదు.

ఉద్యానములోని విగ్రహమును చూచి ఈ వృత్తాంతమును ఊహింపజాలము. మన శాసనపరిశోధకులు ప్రశస్తులలోని బిరుదములను ఇతరాధారములతో పోల్చి చూడక అంగీకరింపరు గదా! నగరములు నెలకొల్పు స్మారకశిల్పములను గూడ ఆ విధముననే పరిశీలింపవలెను. అవి ఎవరిని స్మరించుచున్నవో తెలిసినంత మాత్రమున చాలదు. ఎవరు, ఎప్పుడు, దేనిని మఱుగుపఱచి స్మరించిరో తెలిసిననాడే చరిత్ర పూర్తియగును.